రెండు ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో మీ పనికి ఏది వేగమో తేల్చుకోవడం ఎలా?

కోర్ ఐ7-1255యూ, కోర్ ఐ5-1240పీ. రెండూ ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లే, రెండూ 2022లో వచ్చినవే. వీటిలో ఏది వేగమని అడిగితే చాలామంది తడుముకోకుండా ఐ7 అంటారు. లోపల చూస్తే, విడివిడిగా పనిచేసే భాగాలైన కోర్లు రెండు రకాలు: వేగమైన పెద్దవి, తక్కువ విద్యుత్తు తీసుకునే చిన్నవి. ఆ ఐ7లో పెద్ద కోర్లు రెండే, ఐ5లో నాలుగు. చిన్న కోర్లు రెండింట్లోనూ ఎనిమిదే. అందుకే అన్ని కోర్లనూ కష్టపెట్టే పని ఇస్తే, వేడిని సరిగా బయటికి పంపగలిగే ల్యాప్‌టాప్‌లో ఐ5దే పైచేయి. ఒకే కోర్ మీద నడిచే పనిలో మాత్రం ఐ7కి కాస్త మొగ్గు ఉంటుంది. అది 4.7 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లగలదు, ఐ5 అయితే 4.4 దాకానే.

కాబట్టి ఏది వేగమో తేల్చాలంటే ముందు రెండు విషయాలు తెలియాలి. మీరు చేసే పని ఏమిటి? ఆ ల్యాప్‌టాప్ తన ప్రాసెసర్‌కు ఎన్ని వాట్లు, ఎంతసేపు ఇస్తుంది? ఈ రెండో ప్రశ్నను దాదాపు ఎవరూ అడగరు. నిరాశపడేది కూడా ఎక్కువగా అక్కడే. అందుకే ఈ వ్యాసంలో దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి అడుగు: మీ పని ఎన్ని కోర్లను వాడుతుందో చూడండి

ఇప్పుడు మీ దగ్గరున్న కంప్యూటరే దీనికి చాలు. మిమ్మల్ని ఎక్కువగా వెయిట్ చేయించే పని ఒకటి ఎంచుకోండి. పెద్ద ఎక్సెల్ షీట్ తెరవడం, వీడియో ఎక్స్‌పోర్ట్, కోడ్ కంపైల్ చేయడం, ఫొటోలు ఎడిట్ చేయడం, ఏదైనా సరే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ మీద నొక్కి, గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, ఒక్కో లాజికల్ ప్రాసెసర్‌కు, అంటే ఒకేసారి నడపగల ఒక్కో పని వరుసకు (దీన్నే థ్రెడ్ అంటారు), ఒక్కో గడి కనిపించేలా మార్చుకోండి. ఇప్పుడు ఆ పని మొదలుపెట్టి గమనించండి.

గడులన్నీ పైదాకా నిండిపోయాయంటే మీ పని అన్ని కోర్లనూ వాడుకుంటోందని అర్థం. అలాంటప్పుడు కోర్ల సంఖ్య, మల్టీ కోర్ స్కోరు (అన్ని కోర్లూ కలిసి పరీక్షలో తెచ్చుకునే అంకె), వాట్లు మీకు ముఖ్యం. అలా కాకుండా మీరు కర్సర్ తిరగడం చూస్తూ కూర్చున్నా మొత్తం వాడకం పది, పదిహేను శాతం దగ్గరే ఆడుతోందనుకోండి. ప్రాసెసర్ ఖాళీగా ఉందని పొరబడే చోటు ఇదే. పన్నెండు థ్రెడ్లున్న ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా పనిలో మునిగినా మొత్తం మీద అది పన్నెండో వంతే, అంటే సుమారు 8 శాతం. ఆ పనికి మరో పది కోర్లు చేర్చినా ఉపయోగం ఉండదు. దానికి కావలసింది ఒక్కో కోర్ వేగం, అంటే సింగిల్ కోర్ స్కోరు. బ్రౌజింగ్, ఆఫీసు పనులు, చాలా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు ఈ కోవలోకే వస్తాయి.

అదే సమయంలో మెమరీ, డిస్క్ గ్రాఫులను కూడా చూడండి. మెమరీ 90 శాతం దాటి డిస్క్ గ్రాఫ్ ఎగిసిపడుతుంటే మీ ఇబ్బంది ప్రాసెసర్‌తో కాదు, ర్యామ్‌తో. అప్పుడు ఈ పోలిక కంటే ముందు ర్యామ్ సంగతి చూసుకోవాలి.

రెండో అడుగు: పేరు విప్పి చదవండి

ఐ3, ఐ5, ఐ7 అనే అంకెలు ఆ తరంలో దాని స్థాయి ఏమిటో చెబుతాయి. తరం మారితే లెక్క మారిపోతుంది. 2016లో వచ్చిన కోర్ ఐ7-7500యూలో ఉన్నవి రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు. మరుసటి ఏడాది వచ్చిన కోర్ ఐ5-8250యూలో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ఇలాంటి రెండు పాత ల్యాప్‌టాప్‌లు సెకండ్ హ్యాండ్‌లో పక్కపక్కన కనిపించినప్పుడు, ఐ7 అనే పేరు చూసి వెనకబడిన దాన్ని ఎంచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంటెల్ పేర్లలో చివరి అక్షరం మీద తప్పకుండా కన్నేయాలి. 12వ తరంలో యూ అంటే ఎక్కువగా 15 వాట్ల మూల స్థాయి (నిలకడగా తీసుకునే విద్యుత్తు), పీ అంటే 28, హెచ్ అంటే 45, హెచ్ఎక్స్ అంటే 55. పేరులోని ఐ7 కంటే ఈ ఒక్క అక్షరమే ఎక్కువ చెబుతుంది. 2023 డిసెంబరులో వచ్చిన కోర్ అల్ట్రాతో ఐ అక్షరం పోయింది. అక్కడ ఇంకో చిక్కు ఉంది. కోర్ 7 150యూ, కోర్ అల్ట్రా 7 155యూ వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ అల్ట్రా అనే మాట లేని మొదటిది అంతకుముందు తరం డిజైన్‌కు కొనసాగింపు, రెండోది కొత్త డిజైన్.

ఏఎండీ దగ్గర 7000 వరుస పేర్లలో మూడో అంకెను పట్టుకోండి. అది ఆర్కిటెక్చర్‌ను, అంటే కోర్ల లోపలి డిజైన్‌ను చెబుతుంది. ఆ డిజైన్లకు ఏఎండీ పెట్టిన పేరు జెన్. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే జెన్ 2. 7530యూ అంటే జెన్ 3, 7540యూ అంటే జెన్ 4. మూడూ రైజెన్ 5లే, మూడూ ఏడువేల వరుసలోవే, లోపల మాత్రం మూడు వేర్వేరు తరాలు. అంతెందుకు, 7520యూలో ఉన్నవి నాలుగు కోర్లే. అంతకుముందు వచ్చిన 5500యూ కూడా జెన్ 2నే, కానీ దానిలో ఆరు కోర్లు. పెద్ద అంకె చూసి కొత్తదే బలమైనదనుకుంటే అన్ని కోర్లతో చేసే పనుల్లో నష్టపోతాం.

మూడో అడుగు: రెండు నిలువు వరసలుగా రాసుకోండి

తయారీదారుల అధికారిక స్పెసిఫికేషన్ పేజీలు తెరిచి కాగితం మీద రెండు వరసలు గీయండి. పెద్ద కోర్లు ఎన్ని, చిన్న కోర్లు ఎన్ని, థ్రెడ్లు ఎన్ని, గరిష్ఠ టర్బో వేగం (కాసేపు అందుకోగల అత్యధిక వేగం), ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ), మూల వాట్లు, గరిష్ఠ వాట్లు, లోపలి గ్రాఫిక్స్ పేరు. ఇవి చాలు. మొత్తం కోర్ల సంఖ్య ఒక్కటే రాసుకుని ఊరుకోకండి. పది కోర్లని పెట్టె మీద ఉన్నా, అందులో ఎనిమిది చిన్నవైతే అవి పెద్ద కోర్లంత పని చేయలేవు.

గిగాహెర్ట్జ్‌ను ఒకే ఆర్కిటెక్చర్‌లో ఉన్న రెండింటి మధ్య పోల్చడానికి మాత్రమే వాడండి. పైన చెప్పిన ఐ7-7500యూ మూల వేగం 2.7 గిగాహెర్ట్జ్, ఐ5-8250యూది 1.6. ఆ అంకెలను నమ్మితే ఫలితం పూర్తిగా తలకిందులవుతుంది. చిప్ తయారీ పద్ధతికి చెప్పే నానోమీటర్ల గొడవ కూడా పక్కన పెట్టేయండి. 2021లో ఇంటెల్ తన 10 నానోమీటర్ల పద్ధతిలో మెరుగుపరిచిన రకానికి ఇంటెల్ 7 అని పేరు పెట్టుకుంది. ఆ పేర్లు ఇప్పుడు కొలతలు కావు, గుర్తులు.

నాలుగో అడుగు: స్కోర్లను స్కోర్లలాగే చదవండి

బెంచ్‌మార్క్ అంటే రెండు ప్రాసెసర్లకు ఒకే పని ఇచ్చి కొలవడం. ఏ పని ఇచ్చారో తెలియకుండా స్కోరు చూడటం, సబ్జెక్టు పేరు లేని మార్కుల జాబితా చూసినట్టే.

సినీబెంచ్ ఒక త్రీడీ దృశ్యాన్ని రెండర్ చేయిస్తుంది. ఆర్23 రకంలో పరీక్ష కనీసం పది నిమిషాలు తిరిగేలా ముందే అమర్చి ఉంటుంది. కాబట్టి వేడెక్కాక ప్రాసెసర్ ఎలా ఉంటుందో కొంత బయటపడుతుంది. గీక్‌బెంచ్ 6 అలా కాదు. ఫైళ్లు కుదించడం, ఫొటోలు సవరించడం, వెబ్ పేజీలు గీయడం లాంటి చిన్న చిన్న పనులు ఇచ్చి, మధ్యలో కాస్త విరామం కూడా ఇస్తుంది. రోజువారీ వాడకానికి అది దగ్గరగా ఉంటుంది, కానీ అరగంట నడిచే పని గురించి దాదాపు ఏమీ చెప్పదు. బ్రౌజరే మీ ప్రపంచమైతే బ్రౌజర్ వేగాన్ని కొలిచే స్పీడోమీటర్ 3 చూడండి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకు బ్లెండర్ సొంత బెంచ్‌మార్క్ ఉంది.

ఒక జాగ్రత్త. పేరు ఒకటే అయినా వెర్షన్ మారితే స్కోర్లు పోల్చకూడదు. గీక్‌బెంచ్ 5లో 1000 అంకెకు ఆధారం కోర్ ఐ3-8100, గీక్‌బెంచ్ 6లో 2500 అంకెకు ఆధారం కోర్ ఐ7-12700. రెండూ వేర్వేరు త్రాసులు. సినీబెంచ్ ఆర్23లో సింగిల్ కోర్ స్కోరు వేలల్లో ఉంటే, సినీబెంచ్ 2024లో వంద దగ్గర తిరుగుతుంది. ఈ రెండూ కలిపేసి తెగ టెన్షన్ పడేవాళ్లను చూశాను.

ఇంకొకటి, ఒకే ప్రాసెసర్‌కు ఒక్క స్కోరే ఉంటుందనుకోకండి. వీలైనన్ని ల్యాప్‌టాప్‌లలో వచ్చిన స్కోర్లు చూసి, కింది అంకె, పై అంకె రెండూ రాసుకోండి. ఆ రెండింటి మధ్య దూరం ఎక్కువగా కనిపిస్తుంది. అది ఎందుకో తర్వాతి అడుగులో ఉంది.

ఐదో అడుగు: వాట్లు, ఎంతసేపు

ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు సాధారణంగా రెండు పరిమితులుంటాయి. పని మొదలవగానే కొన్ని సెకన్లపాటు చాలా ఎక్కువ విద్యుత్తు తీసుకోవడానికి అనుమతి ఉంటుంది. ఆ తర్వాత ఎంతసేపైనా నిలబెట్టుకోగల తక్కువ స్థాయికి దిగాలి. ఐ5-1240పీకి ఇంటెల్ చెప్పే మూల స్థాయి 28 వాట్లు, గరిష్ఠం 64. ఐ7-1255యూకి 15, 55. అయితే ఈ హద్దులను చివరికి ఖరారు చేసేది ల్యాప్‌టాప్ తయారుచేసినవాళ్లు. ఫ్యాన్ ఎంత పెద్దది, వేడిని లాగే రాగి గొట్టాలు ఎన్ని, శబ్దం ఎంత తక్కువ ఉండాలని అనుకున్నారు, ఇవన్నీ కలిసి ఆ అంకెను నిర్ణయిస్తాయి.

కళ్లతో చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో సెన్సర్ల కిటికీ తెరిచి, సీపీయూ ప్యాకేజ్ పవర్ అనే వరుస కనపడేలా ఒక పక్కన పెట్టండి. ఇంకో పక్కన సినీబెంచ్ ఆర్23 మల్టీ కోర్ పరీక్ష మొదలుపెట్టండి. పల్చటి ల్యాప్‌టాప్ అయితే చాలాసార్లు కనిపించేది ఇదీ. నొక్కిన మరుక్షణం వాట్లు నలభై, యాభై దాకా ఎగురుతాయి. దృశ్యం గీస్తూ పోయే చతురస్రాలు తెర మీద చకచకా నిండుతుంటాయి, ఫ్యాన్ చప్పుడు ఇంకా వినపడదు. కాసేపటికి ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటుతుంది, ఫ్యాన్ ఒక్కసారిగా లేస్తుంది. ఆ వెంటనే వాట్ల అంకె మెట్లు దిగినట్టు దిగి, ఇరవై చిల్లర దగ్గర కుదురుకుంటుంది. చతురస్రాలు నిండే వేగం తగ్గడం కంటికే తెలుస్తుంది. చిన్న పరీక్షలో వచ్చే స్కోరు ఆ మొదటి అర నిమిషానిది. మీరు గంటసేపు చేసే రెండరింగ్ మాత్రం ఆ ఇరవై చిల్లర వాట్ల మీదే నడుస్తుంది.

2020 నవంబరులో ఆపిల్ విడుదల చేసిన ఎం1 ల్యాప్‌టాప్‌లు దీనికి మంచి ఉదాహరణ. మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనూ 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలోనూ ఉన్నది ఎం1 చిప్పే. ప్రోలో ఫ్యాన్ ఉంది, ఎయిర్‌లో లేదు. చిన్న పనుల్లో రెండూ దాదాపు సమానం. భారమైన పని కొన్ని నిమిషాలు దాటిందంటే ఎయిర్ మెల్లగా నెమ్మదిస్తుంది, ప్రో అదే వేగంతో సాగుతుంది. రెండు ప్రాసెసర్ల పేర్లు ఒకటైనా ఫలితం వేరుగా ఉండగలిగితే, పేర్లు వేరైనప్పుడు వాట్లు తెలుసుకోకుండా తీర్పు చెప్పలేం.

అందుకే సమీక్షలు చదివేటప్పుడు మీరు కొనాలనుకుంటున్న అదే మోడల్ సమీక్ష వెతకండి. స్కోరు కంటే ముందు, పదీ పదిహేను నిమిషాల తర్వాత ప్రాసెసర్ ఎన్ని వాట్ల దగ్గర నిలబడిందో చెప్పారా అని చూడండి. ఆ అంకె ఇచ్చిన సమీక్షకులను నేను ఎక్కువగా నమ్ముతాను. 45 వాట్లు నిలకడగా తీసుకునే పాత తరం హెచ్ ప్రాసెసర్, 18 వాట్లకు పడిపోయే కొత్త తరం యూ ప్రాసెసర్‌ను సుదీర్ఘమైన పనిలో దాటేయగలదు.

ఆరో అడుగు: రెండూ చేతిలో ఉంటే ఇలా పరీక్షించండి

కొత్తగా తీసిన ల్యాప్‌టాప్‌ను వెంటనే పరీక్షించకండి. అప్‌డేట్లు దిగుతూ, వెనకాల ఫైళ్ల ఇండెక్సింగ్ జరుగుతూ ఉంటుంది. అన్నీ పూర్తయ్యాక రీస్టార్ట్ చేసి, టాస్క్ మేనేజర్‌లో వాడకం రెండు మూడు శాతానికి దిగేదాకా ఆగండి.

రెండింటినీ గట్టి బల్ల మీద, ఒకే గదిలో, వాటితో వచ్చిన ఛార్జర్లే పెట్టి ఉంచండి. పరుపు మీద పెడితే అడుగున గాలి దారి మూసుకుపోతుంది, ఆ ఫలితం పరుపుకు చెందుతుంది తప్ప ప్రాసెసర్‌కు కాదు. విండోస్ సెట్టింగ్స్‌లో పవర్ మోడ్ రెండింట్లోనూ ఒకటే పెట్టండి. తయారీ కంపెనీ ఇచ్చిన యాప్‌లో నిశ్శబ్దం, సమతుల్యం, గరిష్ఠ వేగం లాంటి మోడ్‌లు వేరుగా ఉంటాయి, వాటినీ ఒకే స్థాయిలో ఉంచండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

తర్వాత ఒక్కో పరీక్షనూ మూడుసార్లు చేయండి, మధ్యలో యంత్రం చల్లబడేదాకా ఆగుతూ. మూడింటిలో మధ్య అంకెను తీసుకోండి. చివరగా విరామం లేకుండా ఇరవై నిమిషాలు తిప్పి, చివరి స్కోరును విడిగా రాసుకోండి.

వీటన్నిటికంటే విలువైన పరీక్ష మీ సొంత పనే. మీ వీడియో ప్రాజెక్టునో, మీ కోడ్‌నో రెండింట్లోకీ కాపీ చేసి స్టాప్‌వాచ్ పట్టుకోండి. వీడియో అయితే ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ రెండు చోట్లా ఆన్‌లో ఉందో, రెండు చోట్లా ఆఫ్‌లో ఉందో చూసుకోండి. ఆన్‌లో ఉంటే ఆ పనిలో పెద్ద భాగం ప్రాసెసర్ కోర్లకు బదులు వీడియో కోసమే ప్రత్యేకంగా పెట్టిన భాగం చేస్తుంది. ఒకచోట ఆన్, ఒకచోట ఆఫ్ ఉంటే ఆ పోలికకు అర్థం లేదు.

ఏడో అడుగు: ప్రాసెసర్ కాని వాటి ప్రభావం తీసేయండి

ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉందా, రెండుగా ఉందా చూడండి. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, అది ర్యామ్‌నే పంచుకుంటుంది. ఒకే స్టిక్ ఉండి, ర్యామ్‌కు దారి ఒకే ఛానెల్ అయితే గేమ్‌లలో వేగం బాగా పడిపోతుంది. ఇంటెల్ 11, 12వ తరాల్లో దీన్ని కనిపెట్టడానికి సులువైన గుర్తు ఉంది. ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ ఉండాల్సిన ప్రాసెసర్‌కు ఒకే ఛానెల్ ర్యామ్ పెడితే, డివైస్ మేనేజర్‌లో పేరే యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని మారిపోతుంది.

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కంటే వేరే రకమైన ఏఆర్ఎం చిప్‌లతో పోలిక పెడుతుంటే, ఉదాహరణకు స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలైట్, మీరు వాడే సాఫ్ట్‌వేర్‌కు ఏఆర్ఎం వెర్షన్ ఉందో లేదో ముందే తెలుసుకోండి. లేకపోతే విండోస్ దాన్ని అప్పటికప్పుడు అనువదించి నడిపిస్తుంది, దానికి కొంత వేగం ఖర్చవుతుంది. గీక్‌బెంచ్‌కు ఏఆర్ఎం వెర్షన్ ఉంది కాబట్టి దాని స్కోరులో ఈ ఖర్చు కనపడదు.

ఎనిమిదో అడుగు: ఛార్జర్ తీసి మళ్లీ చూడండి

ఛార్జర్ పీకగానే కొన్ని ల్యాప్‌టాప్‌లు వేగాన్ని బాగా తగ్గించేస్తాయి, కొన్ని దాదాపు అలాగే ఉంచుతాయి. బయట తిరుగుతూ పనిచేసేవాళ్లయితే పరీక్షలన్నీ బ్యాటరీ మీద మరోసారి చేయండి.

వేగంతోపాటు పనికి ఎంత శక్తి ఖర్చయిందో కూడా లెక్కేయండి. వాట్లను నిమిషాలతో గుణించి 60తో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. ఒకటి 40 వాట్లతో 10 నిమిషాల్లో పని ముగించిందనుకుందాం, 6.7 వాట్ అవర్లు. ఇంకొకటి 25 వాట్లతో 13 నిమిషాలు తీసుకుంది, 5.4 వాట్ అవర్లు. నెమ్మదిగా చేసినదే బ్యాటరీని తక్కువగా తిన్నది. ప్లగ్ పక్కనే కూర్చునేవారికి మొదటిది, ప్రయాణాల్లో ఉండేవారికి రెండోది నయం.

తొమ్మిదో అడుగు: శాతాలు తేల్చి, నిర్ణయించుకోండి

స్కోరు ఎక్కువైతే మంచిది, సమయం తక్కువైతే మంచిది. ఈ రెండింటి శాతాలు ఒకటి కావు. 10 నిమిషాల పని 8 నిమిషాల్లో అయితే సమయం 20 శాతం తగ్గింది, వేగం 25 శాతం పెరిగింది. రెండూ నిజమే. ప్రకటనల్లో ఎప్పుడూ పెద్ద అంకే ఉంటుంది కాబట్టి, మీ కాగితం మీద అన్నిటినీ ఒకే పద్ధతిలోకి మార్చుకోండి.

తేడా 5 శాతం లోపు ఉంటే నేను రెండింటినీ సమానమనే అనుకుంటాను. అదే ల్యాప్‌టాప్‌ను రెండుసార్లు పరీక్షించినా అంత తేడా రావచ్చు. 10 శాతం దాకా ఉన్నా చేతికి తెలియడం కష్టం. అప్పుడు ప్రాసెసర్‌ను వదిలేసి ర్యామ్ ఎంత, తర్వాత పెంచుకునే వీలుందా, తెర బాగుందా అన్నవాటి మీద నిర్ణయించుకోండి. 25 శాతం దాటిందంటే, అదీ మీరు రోజూ చేసే పనిలో అయితే, దానికి కాస్త ఎక్కువ పెట్టడం తప్పేమీ కాదు. మీరు ఎప్పుడూ చేయని పనిలో 60 శాతం తేడా వచ్చినా దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఎంచుకున్న ల్యాప్‌టాప్ ఇంటికొచ్చాక, తిరిగిచ్చే గడువు ముగియకముందే ఆ ఇరవై నిమిషాల పరీక్ష మళ్లీ చేయండి. స్కోరు, నిలబడిన వాట్లు, ఉష్ణోగ్రత, తేదీ ఒక కాగితం మీద రాసి దాచుకోండి. రెండేళ్ల తర్వాత మెషీన్ నెమ్మదించినట్టు అనిపిస్తే అదే పరీక్ష చేసి ఆ కాగితంతో పోల్చండి. ఉష్ణోగ్రత పెరిగి వాట్లు తగ్గాయంటే ముందు ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము దులిపించండి, థర్మల్ పేస్ట్ మార్పించండి. ఆ పాత అంకెలు తిరిగొస్తే కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిన పని ఉండదు.